లంచ్ లేని క్రికెట్టూ, వేళ లేని వంటా

మా ఇంట్లో ఇప్పుడు ఆకలికి వేళ లేదు, పండుకి ఋతువు లేదు, వంటకి ఊరు లేదు. రాత్రి పదకొండింటికి మనవడికి నూడుల్స్ మీద మనసు పుడితే అరగంటలో తలుపు గంట మోగుతుంది. సంక్రాంతి ముగ్గులు చెరగకముందే మామిడిపండు ముక్కలు ప్లాస్టిక్ డబ్బాలో దిగుతాయి. రంజాన్ వెళ్ళి ఆరు నెలలైనా హలీమ్ దొరుకుతుంది. హైదరాబాదులో కూర్చుని కాకినాడ కాజా తింటాం, కాకినాడ వెళ్ళి హైదరాబాదు బిర్యానీ తింటాం. తిన్నాక ఎలా ఉందర్రా అని అడిగితే అందరిదీ ఒకే మాట: ‘బానే ఉంది.’

నాకు ఒళ్ళు మండేది ఆ ‘బానే ఉంది’ దగ్గరే. మా రోజుల్లో తిండి ఎప్పుడూ బానే ఉండేది కాదు. కుదిరితే అమోఘంగా ఉండేది, కుదరకపోతే చారులో ఉప్పెక్కువైందని కంచం ముందే పంచాయితీ నడిచేది. మధ్యరకం మాట ఎవరి నోటా వచ్చేది కాదు.

‘మళ్ళీ మొదలెట్టారా?’ అంటోంది మా ఆవిడ వంటింట్లోంచి. అవును, మొదలెట్టాను. పింఛనూ సణుగుడూ రెండూ నాకు రిటైరైన రోజునే మంజూరయ్యాయి.

తిండి కరువైందని నేననడం లేదు. ఈ రోజుల్లో దొరికేది మా రోజులకంటే ఎక్కువ, రకాలు ఎక్కువ, చాలాచోట్ల శుభ్రం కూడా ఎక్కువే. కాని వంటలోంచి ఈ కాలంవాళ్ళు తీసిపారేసిన దినుసు ఒకటుంది. అది ఆగడం. పాలు తోడుకునేదాకా ఆగడం, ముక్క ఊరేదాకా ఆగడం, పండు వచ్చేదాకా, స్టేషను వచ్చేదాకా, అంపైరు లంచ్ అని బెయిల్స్ తీసేదాకా ఆగడం. అది లేకపోయాక మిగిలేది కడుపు నిండటమే.

ఇంటి సంగతే ముందు చెబుతాను. మాది తణుకు పక్క పల్లె. పొద్దున్న పితికిన పాలు కుండలో పోసి పిడకల దాలి మీద పెడితే సాయంత్రం దాకా అలా కాగుతూనే ఉండేవి. ఎర్రగా తిరిగిన ఆ పాల మీద అట్టులాంటి మీగడ కట్టేది. రాత్రి తోడేస్తే తెల్లారి గడ్డపెరుగు. అంటే ఈ పూట పాలు రేపటి పూట పెరుగు. మధ్యలో ఎంత అరిచినా అమ్మ కుండ మూత తీసేది కాదు. ఇప్పుడు డబ్బా పెరుగు మీద తయారీ తేదీ, గడువు తేదీ రెండూ అచ్చేసి ఉంటాయి. ఎప్పుడు పారేయాలో చెప్పే తిండే కాని, ఎప్పుడు తినాలో చెప్పే తిండి కాదది.

అన్నం సంగతీ అంతే. కొత్త బియ్యం వండితే ముద్దవుతుంది. అందుకని ధాన్యం గాదెలో ఏడాదైనా పాతబడాలి. ఆ తరవాతే దాన్ని దంపేది, వండేది. ఇత్తడి గిన్నెలో ఎసరు మరగాలి, బియ్యం పడాలి, మెతుకు పట్టి చూడాలి, గంజి వార్చాలి. వార్చిన గంజి వాసన వీధరుగు దాకా వచ్చిందంటే ఇంకో పావుగంటలో పీటలు వేస్తారని మాకు లెక్క. మా ఊరికి దగ్గర్లోనే ఉన్న మార్టేరు పరిశోధనా కేంద్రం నుంచి 1982లో స్వర్ణ వరి రకం వచ్చింది, బాపట్ల నుంచి 1986లో సాంబ మసూరి వచ్చింది. ఆ శాస్త్రవేత్తలకి దండం పెడతాను. గాదెలు నింపారు, ఇళ్ళల్లో అన్నం నింపారు. కాని ఆ సన్నబియ్యాన్ని కుక్కర్లో పడేసి మూడు కూతలు వినగానే దించేస్తే గంజి లేదు, వాసన లేదు, పీటల వేళ లేదు. కూత వినబడ్డవాడు వచ్చి తింటాడు, చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నవాడు తరవాత తింటాడు.

పచ్చడి గురించి చెప్పకపోతే నా పుటక వృథా. రోట్లో పచ్చడి నలుగుతుంది, మిక్సీలో తెగుతుంది. మిక్సీ బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరిగి వేడెక్కి, పచ్చిమిరపకాయనీ చింతపండునీ దోసకాయనీ ఒకే గుజ్జు చేసి వదిలిపెడుతుంది. రోటి దగ్గర వరస ఉంటుంది. ముందు ఉప్పూ మిరపకాయలూ నలగాలి. తరవాత చింతపండు. దోసకాయ ముక్కలు ఆఖర్న వేసి రెండే రెండు దెబ్బలు. పంటికింద ముక్క తగలాలి, తగిలిన ముక్కలోంచి కారం దిగాలి. గోంగూరలో ఉల్లిపాయ కూడా అంతే, కచ్చాపచ్చాగా ఉండాలి. ఇప్పుడు మా కోడలు సీసాలోంచి చెంచాతో తీసి వేసేది ఏ పచ్చడో తెలియాలంటే నేను కళ్ళజోడు పెట్టుకుని చీటీ చదవాలి.

ఇక్కడ మా ఆవిడ చీపురు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ‘ఏవండీ, ఆ రోలు మీరెప్పుడైనా తిప్పారా? ఆ కట్టెల పొగలో మీరెప్పుడైనా కూర్చున్నారా? మీ అమ్మగారు మధ్యాహ్నం ఎన్నింటికి తినేవారో ఏనాడైనా చూశారా?’ అని మూడు ప్రశ్నలు వేసి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

న్యాయమైన మాటే. ఇంటిల్లిపాదీ ఆగేది అరగంట. ఆడవాళ్ళు ఆగేది అందరి భోజనాలయ్యేదాకా. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం కింద పేదిళ్ళకి గ్యాసు కనెక్షన్లిచ్చినప్పుడు, పొయ్యి ఊదీ ఊదీ కళ్ళు పోగొట్టుకున్న పెద్దమ్మలు ఆ నీలిమంట వంక చూసిన చూపు నాకు తెలుసు. ఆ పొగ మళ్ళీ రావాలని కోరుకునేవాడు పాపాత్ముడు. కాని రోలు తిప్పడం ఆడవాళ్ళ పనే అని శాస్త్రంలో ఎక్కడుంది? మావాడు రోజూ తెల్లారకట్ల జిమ్ముకి వెళ్ళి, నెలకింతని డబ్బు కట్టి, గోడకేసి చూస్తూ బరువులెత్తి వస్తాడు. ఇంట్లో రోకలి ఎత్తరా అంటే నడుం పట్టేసిందంటాడు.

ఇక ఋతువుల లెక్క. మాకు పంచాంగం అక్కర్లేదు, పళ్ళెం చూస్తే నెల తెలిసేది. ఉగాదికి పులుపెక్కని లేత మామిడికాయ. ఎండలు ముదిరాక ఆవకాయ. ఆవాలు ఎండాలి, మిరపకాయలు దంచాలి, టెంకతో సహా కాయ కొట్టాలి, ముక్క తుడవాలి, నువ్వులనూనె పోసి కలిపి జాడీకెత్తి వాసెన కట్టాలి. మూడోనాడు తిరగ కలపాలి. ఈలోగా పిల్లలకి దక్కేది ఒకటే: ఆవకాయ కలిపిన బేసినులో అడుగున మిగిలిన పిండిలో వేడన్నం, నెయ్యి వేసి అమ్మ కలిపిన ముద్ద. ఆ ఒక్క ముద్దకి ఏడాదంతా ఎదురుచూసేవాళ్ళం. తరవాత చిన్నరసాలు, పెద్దరసాలు. ముంజలు. సీతాఫలాలు రావాలంటే దసరా రావాలి. తేగలు రావాలంటే చలి ముదరాలి. అరిసెలు కావాలంటే కొత్తబియ్యం, కొత్తబెల్లం ఇంటికి చేరాలి.

వానాకాలం గోదావరికి ఎర్రనీరు తగిలితే పులస. సముద్రంలోంచి ప్రవాహానికి ఎదురీది గుడ్లు పెట్టడానికి వచ్చే చేప అది. పుస్తెలమ్మైనా పులస తినాలని మావైపు సామెత. మట్టిపాత్రలో, కట్టెల మంట మీద, బెండకాయలు వేసి సన్నగా పులుసు కాచాక కూడా ఆ పూట ముట్టనిచ్చేవారు కాదు. మర్నాటికి గాని ముక్కకి పులుసు పట్టదు. గోదావరికి ఎదురీది వచ్చిన చేప కోసం మేం ఒక్క రాత్రి ఆగలేమా? ఇప్పుడు యానాంలో ఒక్కో పులస వేలల్లో పలుకుతుంది. అంత పెట్టలేనివాళ్ళకి సముద్రంలో పట్టి ఐసు పెట్టెలో తెచ్చిన దాని చుట్టాన్ని పులసని చెప్పి అంటగడతారు. ఎదురీదని చేపకీ, ఎదురుచూడని నోటికీ ఈడూ జోడూ కుదిరింది.

ఉద్యోగానికి హైదరాబాదు వచ్చాక నాకు ఆగడంలో పైచదువు చెప్పింది మా ఆఫీసులో పక్కసీటు భాయ్‌సాబ్. రంజాన్ నెలంతా పొద్దుటినుంచీ మంచినీళ్ళయినా ముట్టకుండా నాతో సమానంగా ఫైళ్ళు చూసేవాడు. సాయంత్రం సైరన్ మోగాక ఒక ఖర్జూరం నోట్లో వేసుకునేవాడు. ఆ తరవాత నన్ను హలీమ్‌కి లాక్కెళ్ళేవాడు. గోధుమలూ మాంసమూ పప్పులూ నెయ్యీ దేగిసాలో రోజల్లా ఉడుకుతూ, కర్రగుత్తులతో మెదుపుతూ ఉంటే తయారయ్యే వస్తువది. 2010లో హైదరాబాదు హలీమ్‌కి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దేశంలో మాంసం వంటకాల్లో మొట్టమొదట ఆ గౌరవం దక్కింది దీనికే. ఇప్పుడు ఏడాది పొడుగునా అమ్ముతున్నారు. ఏ నెలలో తిన్నా అదే కదా అంటాడు మావాడు. అదే అయితే రంజాన్ నెలలో ఆ దుకాణాల ముందు అంత జనం ఎందుకురా నాయనా?

ప్రయాణాల విషయానికొస్తే నా సణుగుడు ఇంకో మెట్టు ఎక్కుతుంది. గోదావరి ఎక్స్‌ప్రెస్ 1974లో మొదలైంది. విశాఖపట్నంలో సాయంత్రం బయల్దేరి తెల్లారేసరికి హైదరాబాదు చేర్చే బండి. నేను తాడేపల్లిగూడెంలో ఎక్కేవాణ్ణి. చేతిలో మరచెంబు, సంచిలో అమ్మ కట్టిన పొట్లం. పులిహోర పొద్దున్నే కలిపేది, రాత్రికి పులుపు మెతుక్కి పడుతుందని. అరటాకులో చుట్టి, పైన పేపరు, ఆ పైన దారం. ఏలూరు దాటేదాకా విప్పకూడదని నాన్న శాసనం. ఎందుకో ఆయన ఎప్పుడూ చెప్పలేదు, మేం అడగలేదు. ఏలూరు దాటాక విప్పితే అరటాకు వాసన, ఇంగువ వాసన కలిసి పెట్టంతా తిరిగేది. అంతటితో ఎవరి పొట్లం వాళ్ళు తినే ప్రసక్తే లేదు. ఎదురుసీటు వాళ్ళ చేగోడీలు ఇటు, మా పులిహోర అటు. పై బెర్తు పెద్దాయన మాగాయ డబ్బా కిందికి అందించేవాడు. బెజవాడలో బండి చాలాసేపు ఆగేది కనక ప్లాట్‌ఫారం మీద కాఫీ తాగుతూ, ఇందాక తిన్న మాగాయ ఎవరింటిదో విచారణ జరిగేది. రెండు సంబంధాలైనా ఆ విచారణల్లో కుదిరే ఉంటాయి.

అప్పట్లో కళ్ళు మూసుకుని కూర్చున్నా నోట్లో పడ్డదాన్ని బట్టి ఏ ఊరొచ్చిందో చెప్పొచ్చు. సామర్లకోట చుట్టుపక్కలంటే పైన గట్టిగా ఉండి కొరికితే లోపల పాకం చిమ్మే కాకినాడ గొట్టంకాజా. మండపేట వైపు బస్సులో వెళితే తాపేశ్వరం మడతకాజా. బందరు వెళితే లడ్డు. అటు గుంతకల్లు దారిలో పొద్దున్నే దిగితే ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ. ఆత్రేయపురం పూతరేకు కావాలంటే ఆత్రేయపురం దారి పట్టాలి, లేదా ఆ ఊరి చుట్టం మన ఇంటికి రావాలి. బోర్లించిన కుండని వేడిచేసి, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డని దానిమీద ఒక్కసారి పరిచి లాగితే వచ్చే రేకు అది. బందరు లడ్డుకి 2017లో, ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. సంతోషం. గుర్తింపు ఒక్క ఊరికి, అమ్మకం భూగోళమంతా. మా వీధి చివర బేకరీలో పూతరేకు, లడ్డు, కాజా, మాడుగుల హల్వా ఒకే గాజు బీరువాలో ఇరుక్కుని ఉంటాయి. ఏ ఊరూ వెళ్ళక్కర్లేదు. అందుకే ఏ ఊరూ గుర్తులేదు.

2023 సంక్రాంతి నాడు సికింద్రాబాదు నుంచి విశాఖపట్నానికి వందే భారత్ వచ్చింది. ఎనిమిదిన్నర గంటల్లో చేరుస్తుంది. కుదుపు లేదు, మసి లేదు, ఈ వయసులో నా నడుముకి అంతకంటే మేలు చేసిన ప్రభుత్వం లేదు. కాని కిటికీ తెరుచుకోదు. రాజమండ్రిలో గోదావరి కనబడుతుంది, గాలి తగలదు. ప్లాట్‌ఫారం మీద అమ్మేవాడు అద్దం అవతల నోరు తెరిచి అరుస్తుంటే మనకి మూకీ సినిమా. తలుపు తెరుచుకుని మూసుకునేలోపు దిగి కొనే సాహసం నా మోకాళ్ళు చెయ్యవు. లోపల ట్రేలో రేకు డబ్బాలు వస్తాయి. ఏ స్టేషన్లో తిన్నా అదే పప్పు, అదే పనీరు. పక్క సీటు కుర్రాడికి మా పులిహోర ఇవ్వబోతే మర్యాదగా నవ్వి వద్దన్నాడు. అతన్నేమంటాం? అపరిచితులు ఇచ్చే తినుబండారాలు తీసుకోవద్దని స్టేషన్లో మైకు చెబుతూనే ఉంటుంది. మత్తుమందు పెట్టి దోచుకునే దొంగలు నాలుగు సంచులు ఎత్తుకుపోయారు గాని, ఆ నాలుగు సంచులతోపాటు కోట్లమంది ప్రయాణికుల పులిహోర కూడా పట్టుకుపోయారు.

రోడ్డు మీద వెళ్ళినా సుఖం లేదు. హైదరాబాదు, విజయవాడ మధ్య బస్సంటే మాకు సూర్యాపేట ఆగడం. ఆగిన హోటల్లో ధర ఎక్కువేనని అప్పుడూ తిట్టుకునేవాళ్ళం, అది నిజం. ఇప్పుడు రోడ్డుకి అటూ ఇటూ ఫుడ్ కోర్టులు లేచాయి. శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా మెనూ కార్డు ఒక్కటే. రాజుగారి కోడి పులావు, కుండ బిర్యానీ, ఉలవచారు బిర్యానీ. ఉలవచారంటే ఏమిటో తెలుసా ఈ పిల్లలకి? ఎడ్లకి ఉలవలు ఉడకబెట్టగా మిగిలిన నీటిని గంటలకొద్దీ మరగబెట్టి, చిక్కబరిచి, వేడన్నంలో మీగడ వేసుకుని తినే అమృతం. తీసుకెళ్ళి బిర్యానీ నెత్తిన పోశారు. బిర్యానీ వాడూ ఊరుకున్నాడు, ఉలవచారు వాడూ ఊరుకున్నాడు. వాళ్ళ బదులు నేను సణుగుతున్నాను.

ఇక ఆట. ఇక్కడే నా కేసు గట్టిది.

లోకంలో ఎన్నో ఆటలున్నాయి, భోజనానికి ఆగే ఆట క్రికెట్ ఒక్కటే అని మా నాన్న నమ్మకం. టెస్టు మ్యాచ్‌లో లంచ్‌కి నలభై నిమిషాలు, టీకి ఇరవై నిమిషాలు. అప్పట్లో అయిదు రోజుల ఆట మధ్యలో ఒక విశ్రాంతి రోజు కూడా ఇచ్చేవారు. ఎంత పెద్ద బౌలరైనా, ఎంత ఉధృతంగా వేస్తున్నా, అన్నం వేళకి బంతి అంపైరు చేతికివ్వాల్సిందే. రేడియోలో లంచ్ అని చెప్పగానే మా ఇంట్లో ఆకులు వేసేవారు. గవాస్కర్ తింటున్నప్పుడే మేమూ తినేవాళ్ళం. పప్పులోంచి పులుసులోకి, పులుసులోంచి చారులోకి, చారులోంచి పెరుగులోకి వెళ్ళడానికి నలభై నిమిషాలు సరిగ్గా సరిపోయేవి. నా మట్టుకు ఆ నిబంధన రాసిన ఇంగ్లీషువాడు పూర్వజన్మలో గోదావరి జిల్లావాడే.

1983 ప్రపంచ కప్పు ఫైనల్ రోజున నేను చిక్కడపల్లిలో మిత్రులతో కలిసి అద్దె గదిలో ఉండేవాణ్ణి. మనవాళ్ళు 183కే ఆలౌటయ్యారు. ఇంకేముంది, ఉప్మా చేసుకుని పడుకుందామని పొయ్యి వెలిగించాం. మదన్‌లాల్ బంతికి రిచర్డ్స్ కొట్టిన షాటు, కపిల్ వెనక్కి పరిగెడుతూ పట్టిన క్యాచ్. రేడియో చుట్టూ చేరినవాళ్ళకి పొయ్యి మీద మూకుడు ఎక్కడ గుర్తుంటుంది? ఉప్మా నల్లగా మాడిపోయింది. వెస్టిండీస్ 140కి ముగిశాక ఆ మాడు గీక్కుని నలుగురం పంచుకుని తిన్నాం. అంత రుచైన ఉప్మా మళ్ళీ తినలేదు.

ఎల్బీ స్టేడియానికి వెళ్ళడమంటే పెళ్ళికి వెళ్ళినంత సన్నాహం. పాతవాళ్ళు ఫతేమైదాన్ అనేవారు దాన్ని. 1955లో మన దేశం న్యూజిలాండుతో ఆడిన టెస్టులో ఉమ్రిగర్ 223 కొట్టింది అక్కడే. మేం తెల్లారేసరికి వరసలో నిలబడేవాళ్ళం. సంచుల్లో టిఫిన్ క్యారియర్లు, బత్తాయిలు, మరచెంబులు. మెట్ల మీద పక్కవాళ్ళ ఉస్మానియా బిస్కట్లూ, మన జంతికలూ చేతులు మారేవి. 1987 మార్చి 20న పాకిస్తాన్‌తో వన్డే. మనం 212, వాళ్ళూ 212. రెండో పరుగు కోసం పరిగెత్తి ఖాదిర్ ఆఖరి బంతికి రనౌటయ్యాడు. తక్కువ వికెట్లు పోయింది మనకి గనక గెలుపు మనది. ఆ ఆఖరి ఓవర్లో నా ఒళ్ళో వేరుసెనక్కాయల పొట్లం అలాగే ఉంది. పక్కన ఎవరో ముసలాయన, ఓవరయ్యాక నా భుజం పట్టుకుని ఊపేసి, ఆ పొట్లంలోంచి గుప్పెడు తీసుకుని తినేశాడు. పేరు అడగలేదు, అనుమతీ అడగలేదు. గెలిచినప్పుడు అదంతా ఎవరడుగుతారు? 1999 నవంబరులో అదే మైదానంలో న్యూజిలాండు మీద సచిన్ 186, ద్రావిడ్ 153, ఇద్దరి జోడీకి 331 పరుగులు. ఆ పూట తెచ్చుకున్న పెరుగన్నం పులిసిపోయింది గాని మూత తీసే తీరికెక్కడిది?

2005 నుంచి పెద్ద మ్యాచ్‌లు ఉప్పల్‌కి వెళ్ళిపోయాయి. అక్కడ గేటు దగ్గరే సంచి తడిమి చూస్తారు. ఇంటి తిండి లోపలికి రాకూడదు, నీళ్ళ సీసా రాకూడదు. భద్రత కోసమంటారు. పులిహోర వల్ల భద్రతకి ఏం ముప్పో నాకు తెలియదు. లోపలికెళ్ళాక పాప్‌కార్న్, చల్లారిన సమోసా, గ్లాసులో సగం ఐసుముక్కలతో కూల్‌డ్రింకు. ధర చూస్తే బిర్యానీ మీద గౌరవం పెరుగుతుంది.

అసలు అన్యాయం ఆటలోనే జరిగింది. ఐపీఎల్‌లో లంచ్ లేదు, టీ లేదు. ఇన్నింగ్సుకి రెండుసార్లు వ్యూహ విరామమని రెండున్నర నిమిషాలు ఇస్తారు. రెండున్నర నిమిషాల్లో ఏం తింటాడు మనిషి? వేడన్నంలో నెయ్యి కరగడానికే చాలదు. రాత్రి ఏడున్నరకి మొదలెట్టి పదకొండు దాటేదాకా ఆడతారు, అంటే తెలుగువాడి భోజనం వేళ మొత్తం వాళ్ళే మింగేశారు. మా ఇంట్లో టాస్ పడగానే ఫోనులో ఆర్డరు పెడతారు. మనవడికి పిజ్జా, వాళ్ళ నాన్నకి బిర్యానీ, కోడలికి ఆకులూ కాయలూ ముక్కలు చేసిన సలాడు. మూడూ మూడు ఓవర్లలో వస్తాయి. ఎవరి డబ్బా వాళ్ళది, ఎవరి తెర వాళ్ళది. ‘తాతయ్యా, ముక్క తింటావా?’ అని మనవడు అడుగుతాడు, వాడు మంచివాడే. కళ్ళు మాత్రం తెరమీద, చెయ్యి మాత్రం నా వైపు. కాలనీ అంతటికీ ఒకే టీవీ ఉన్న రోజుల్లో ఆ ఇంటి పిన్నిగారు అంతమందికీ ఉల్లిపాయ పకోడీలు వేసేది. వికెట్ పడితే వాయి మాడేది, ఆవిడ కూడా మధ్యలో పరిగెత్తుకొచ్చి చూసేది కనక. ఆ ఇంట్లో ఎవరూ ‘బానే ఉంది’ అనలేదు. ‘ఇంకో వాయి వేస్తున్నారా?’ అనేవారు.

ఇంతకీ ఆగి తినేవాళ్ళు బొత్తిగా లేకుండా పోలేదు. మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. అక్కడ ఇండియన్ దుకాణాల్లో దొరకనిదేమీ లేదంటుంది. అయినా మేం వెళుతున్నామంటే నెలరోజుల ముందునుంచీ జాబితా వస్తుంది. పెట్టెకి ఇరవై మూడు కిలోల లెక్క. బట్టలు తగ్గించి ఆవకాయ, కందిపొడి, సున్నుండలు సర్దుతుంది మా ఆవిడ. ఆ ఆవకాయని మా అమ్మాయి ఫ్రిజ్‌లో వెనక దాచి, ఆదివారం మాత్రమే తీస్తుంది. జాడీ అడుగు కనబడేకొద్దీ ముక్క సగం చేసుకుని తింటుంది. ఫోను చేసినప్పుడు ఆవకాయ ఎలా ఉందమ్మా అంటే ఎప్పుడూ బానే ఉందనలేదు. ఒకసారి అమోఘం అంది, ఇంకోసారి ఆవ ఘాటు తగ్గిందని వాళ్ళమ్మతో పోట్లాడింది. నా పెంపకం వృథా పోలేదు.

కాబట్టి నా తీర్పు ఇది. రోలు అందరింటికీ తిరిగి రాదు, రానక్కర్లేదు. వందే భారత్ కిటికీలు తెరుచుకోవు. ఐపీఎల్ వాళ్ళు నా కోసం లంచ్ ఇవ్వరు. కాని ఆగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మామిడిపండు ముట్టుకోవడానికి ఎండాకాలం దాకా ఆగండి. కాజా కోసం కాకినాడ వెళ్ళేదాకా ఆగండి. రైలెక్కితే పొట్లం కట్టుకెళ్ళి, నాలుగు స్టేషన్లు దాటాక విప్పండి. పక్కవాడు వద్దంటే ఇంకోసారి అడగండి. మ్యాచ్ ఉన్న రాత్రి ఇంట్లో ఒకే వంట వండి, ఇన్నింగ్స్ మధ్య విరామంలో అందరూ ఒకచోట కూర్చుని తినండి. ఆ వంట ఆడవాళ్ళ నెత్తిన వేయకండి, బరువులెత్తే మగాళ్ళు ఇంట్లో ఉండనే ఉన్నారు.

ఇవన్నీ చేశాక కూడా మీ నోటికి ‘బానే ఉంది’ అన్న మాటే వస్తే నాకు ఒక ఉత్తరం ముక్క రాయండి. ఇంకో నాలుగు పేజీలు సణుగుతాను.